జవాబు చెప్పని బాబాయి

మా బాబాయి జవాబు చెప్పడు. ఎవరు ఏది అడిగినా సూచన ఇస్తాడు. ముందు తొలి సూచన, అప్పటికీ తెలియకపోతే మలి సూచన, మరీ బతిమాలితే ఆఖరి సూచన. ఆ తర్వాత మీరు కాళ్ళు పట్టుకున్నా "రేపటి పేపర్లో చూసుకోండి" అంటాడు. పేపర్లో వచ్చే పజిల్‌కైతే ఆ మాట చెల్లుతుంది. తలంతా సబ్బు నురుగుతో స్నానాల గదిలో నిలబడి తువ్వాలు అడిగినవాడికి ఆ మాట ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"బాబాయ్, తువ్వాలేదీ?"

"తొలి సూచన: అది ఇప్పుడు ఇంట్లో లేదు."

"మరి?"

"మలి సూచన: గాలి తగిలే చోట ఉంది."

"బాబాయ్, కళ్ళు మండిపోతున్నాయి!"

"కంగారుపడకురా, దగ్గరికొచ్చేశావు."

పెళ్ళికి ముందు మా పిన్ని "నేనంటే మీకిష్టమేనా?" అని అడిగిందట. పిన్నిది ఇనప సామాన్ల కొట్టు, వాళ్ళ నాన్న తర్వాత తనే నడిపేది. "తొలి సూచన: మీ కొట్లో వారం వారం తాళాలు కొంటున్నాను. మలి సూచన: మా ఇంటికి ఉన్నది ఒక్కటే తలుపు" అన్నాడట బాబాయి. ఆఖరి సూచన దాకా ఆగకుండా పిన్ని పెళ్ళికి ఒప్పుకుంది. ఆ తాళాలు ఇప్పటికీ ఓ బుట్ట నిండా ఉన్నాయి.

బాబాయి ఉద్యోగమే అంత. మా ఊరి పత్రికలో రోజూ పదాల గుంపులు అని ఒక పజిల్ వస్తుంది. పదహారు మాటలు కలగాపులగంగా ఇస్తారు. వాటిని నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు చెయ్యాలి. దాన్ని తయారు చేసేది బాబాయి. పేజీలో కూర్చేది నేను. తెలియనివాళ్ళు ఫోన్ చేస్తే సూచనలు ఇచ్చేదీ బాబాయే. ఒకరోజు పళ్ళ డాక్టరు ఒకాయన ఫోన్ చేశాడు.

"గులాబీ, చేప, గడియారం, త్రాసు. వీటికి సంబంధం ఏంటండీ? త్వరగా చెప్పండి. కుర్చీలో పేషంటు నోరు తెరుచుకుని ఉన్నాడు."

"తొలి సూచన: నాలుగింటికీ ఉంటాయి, రెంటివే గుచ్చుకుంటాయి."

"సార్, ఆయన దవడ నొప్పెడుతోందంటున్నాడు!"

"అయితే ఆయన్ని కూడా ఆలోచించమనండి, నొప్పి తెలీదు."

డాక్టరు ఆ సూచన పేషంటుకి చదివి వినిపించాడు. తర్వాత ఫోన్లో దూరంగా, నోటి నిండా దూది కుక్కుకున్న గొంతు ఒకటి "ఉళ్ళు! ఉళ్ళు!" అని గావుకేక పెట్టింది. ముళ్ళు అని తేలింది. బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడి మరీ ఆ పేషంటుకి అభినందనలు చెప్పమన్నాడు. ఆ పన్ను తీశారో లేదో మాత్రం మాకు తెలియలేదు.

పిన్ని దీనికి పూర్తిగా వ్యతిరేకం. అడిగేలోపే జవాబు చెప్పే మనిషి. కొట్టుకి వచ్చేవాళ్ళకి సగం సామాన్ల పేర్లు తెలియవు. "అదేనక్కా, తలుపు పక్కన, ఇలా తిరుగుతుంది చూడండి..." అని చేతులు తిప్పుతారు. చేతులు కిందికి దిగకముందే పిన్ని "బందు. మూడంగుళాలా, నాలుగా?" అని వస్తువు బల్ల మీద పెట్టేసేది. పేరు తెలియని వస్తువంటూ ఆ కొట్లో ఉండేది కాదు. బాబాయి కూడా గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని నోరు తెరుచుకుని చూసేవాడు.

అలాంటి పిన్నికి ఒక ఉదయం కాఫీ తాగుతుండగా చేతిలోని గ్లాసు పేరు నోటికి రాలేదు. ఆ తర్వాత ఏ పేరూ రాలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఇది పక్షవాతం. ప్రాణానికి భయం లేదు, మొద్దుబారిన చెయ్యి బాగుపడుతుంది. వస్తువేదో తెలుస్తుంది, ఎందుకు వాడతారో తెలుస్తుంది, పేరే రాదు. కొందరికి తిరిగి వస్తాయి, కొందరికి రావు.

పిన్ని తమ్ముడు సెలవు పెట్టి కొన్నాళ్ళు కొట్టు చూశాడు. చివరికి పక్క పెయింట్ల కొట్టాయనకి అమ్మేద్దామన్నాడు. "పేర్లు రాని కొట్లో కూర్చుని అక్క బాధపడటం తప్ప ఏం చేస్తుంది బావా?" అన్నాడు. అతనిదీ ప్రేమే. పిన్నికి మిగిలిన కాసిని మాటల్లో ఒకటి ఆ పూట పనికొచ్చింది. "వద్దు" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గట్టిగానే అంది. అతను తగ్గాడు. "సరే అక్కా, నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికి నువ్వు వచ్చినవాళ్ళతో బేరం చెయ్యగలిగితే కొట్టు నీదే" అన్నాడు.

ఇక ఇంట్లో మా హడావుడి చూడాలి. పిన్ని "అది... అది..." అని చెయ్యి చాపడం ఆలస్యం, నేను నీళ్ళు, వాళ్ళ తమ్ముడు మందులు, పక్కింటావిడ విసనకర్ర పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. పేరు కూడా మేమే అందించేవాళ్ళం. బాబాయి మాత్రం కుర్చీలోంచి కదలకుండా "తొలి సూచన..." అనేవాడు. వాళ్ళ తమ్ముడికి ఒళ్ళు మండిపోయింది.

"బావా, మనిషి ఇలా ఉంటే ఇప్పుడు కూడా ఆటేనా?"

బాబాయి మలి సూచన కూడా ఇచ్చాడు. నాకూ ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది.

ఆఫీసులో ఇంకో గొడవ. పజిల్ నిండా ఇనుము దిగబడింది. కరిచేవి ఏవయ్యా అంటే కుక్క, పాము, చెప్పు, పట్టకారు. పళ్ళున్నవి ఏవంటే దువ్వెన, మొసలి, ఎలుక, రంపం. ఏ గుంపు విప్పినా ఒక ఇనప ముక్క రాలుతోంది. పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు. ఎడిటరుగారు బాబాయిని పిలిచారు.

"ఏంటండీ ఇది? పజిలా, ఇనప కొట్టా?"

"తొలి సూచన: ఇది అందరి కోసం కాదు సార్."

"మరి ఎవరి కోసం?"

"మలి సూచన: ఒక్కరి కోసం."

"మీకో దణ్ణం. ఆఖరిది కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి!"

బాబాయి తిరిగి దణ్ణం పెట్టి బయటికొచ్చేశాడు. ఎడిటరుగారు నన్ను పిలిచి, ఈ మనిషికేమైందో ఇంటికి వెళ్ళి కనుక్కుని రమ్మన్నారు.

ఎప్పుడూ సాయంత్రం పూట వెళ్ళేవాణ్ణి, మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. భోజనాల బల్ల మీద ఆ రోజు పేపరు పరిచి ఉంది. దాని మీద, ఆ రోజు పజిల్లో వచ్చిన సుత్తి, కొక్కెం, రంపం, ఇనుము అరగదీసే ఆకురాయి. పిన్ని ఆకురాయి చేత్తో పట్టుకుని, పెదాలు బిగించి దాన్నే చూస్తోంది. పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. బాబాయి నా వైపు చూసిన చూపుకి గుటుక్కున మింగేశాను.

"తొలి సూచన: పేరులో సగం చెట్టు మీద ఉంటుంది."

పిన్ని కిటికీలోంచి బయటికి చూసింది. చాలాసేపు చూసింది. "ఆ... ఆకు."

"మలి సూచన: మిగతా సగం దారిలో కాలికి తగులుతుంది."

"ఆకు... రాయి. ఆకురాయి!"

పిన్ని దాన్ని ఎత్తి పట్టుకుని నవ్వింది. జబ్బు చేశాక తను నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి. బాబాయి నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పాడు. "మీరు అందించిన మాట సాయంత్రానికి పోతోందిరా. తను వెతుక్కుని, పజిల్లో మళ్ళీ కలుసుకున్న మాట పోవట్లేదు. నేను చెప్తే అది నా మాట అవుతుంది. తనకి తన మాటలు కావాలి."

నేను ఆఫీసుకి వెళ్ళి ఎడిటరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే పొద్దున్నే ఈ ఊరు ఊరంతా కూర్చుని మీ పిన్నితో కలిసి ఆ మాటలు వెతుకుతోందన్నమాట. ఒక్కరికీ తెలీదు!"

"అవునండీ."

"పజిల్లో ఉలి వేశాడా?"

"లేదండీ."

"వెయ్యమను" అన్నారు. ఉత్తరాలన్నిటికీ, ఇనప సామాన్లు మరికొన్నాళ్ళు ఉంటాయని తనే జవాబు రాశారు. ఆ రోజు పేజీలో పజిల్ కూరుస్తూ ఒక్కో మాటా రెండేసిసార్లు సరిచూశాను. ఇన్నేళ్ళూ ఆయన్ని చూసి నవ్వుకున్నాను. అంత ఓపిక, అంత ప్రేమ ఒక మనిషిలో ఎక్కడ పడతాయో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

నెలాఖరు రానే వచ్చింది. పిన్ని గల్లా వెనక కూర్చుంది. బాబాయి పక్కన స్టూలు మీద, నేను గుమ్మం దగ్గర. వాళ్ళ తమ్ముడు పెయింట్ల కొట్టాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మర్యాదస్తుడు, మాట్లాడకుండా ఓ మూల కూర్చున్నాడు. ఇంతలో కొత్తగా అద్దెకి దిగినతను ఒకడు వచ్చాడు.

"అమ్మా, మా తలుపు మూస్తే దానంతటదే తెరుచుకుంటోంది. ఏదో బిగించాలట. పేరు తెలీదు."

పిన్ని అరల వైపు చూసింది. తను చూస్తున్న అర సరైనదేనని మా అందరికీ తెలుస్తోంది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. వాళ్ళ తమ్ముడు ఉండబట్టలేక నోరు తెరిచాడు. బాబాయి అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పిన్ని నుదుటికి చెమట పట్టింది. ఇక బాబాయే ముందుకి వంగి, "తొలి సూచ..." అన్నాడు.

పిన్ని చెయ్యెత్తి ఆపింది. "ఉండండి! మీరొకరు!"

ఆ తర్వాత తాపీగా, ఎవరి సాయమూ లేకుండా అంది. "గడియ." కాస్త ఊపిరి తీసుకుని, "ఇత్తడిదా, ఇనపదా?" అంది.

వాళ్ళ తమ్ముడు అక్కడే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు. బాబాయి ముఖం అటు తిప్పుకుని, శుభ్రంగా ఉన్న త్రాసుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. అద్దెకి దిగినతను మాత్రం ఏమీ అర్థం కాక, గడియ కొంటే ఇంతమంది ఎందుకు ఏడుస్తున్నారని భయపడి ఇనపదే తీసుకుని వెళ్ళిపోయాడు.

పిన్ని ఇక ఆగలేదు. లేచి మొదటి అర దగ్గర నిలబడి వరసగా పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. కొన్ని వెంటనే వచ్చాయి, కొన్నింటి దగ్గర నిలబడి వాటితో పోట్లాడింది, రానివాటిని వేలితో బెదిరించి ముందుకి కదిలింది. పెయింట్ల కొట్టాయన వినీ వినీ మెల్లగా లేచి, చెప్పులు వేసుకుంటుంటే పిన్ని వెనక్కి తిరిగింది.

"ఎక్కడికండీ? ఊరికే వెళ్తారా? మీ నిచ్చెనకి... కొక్కెం! కొక్కెం ఊడిపోయి ఎన్నాళ్ళయింది?"

కొట్టు కొనడానికి వచ్చిన ఆయన కొక్కేలు కొనుక్కుని వెళ్ళాడు. పిన్ని బేరంలో ఒక్క పైసా తగ్గలేదు.