తేమగడి లోపల నాలుగు లైన్లు

ఏడేళ్లుగా ఇది నా గుండెల మీద కూర్చునుంది. ఇంట్లో చెప్పలేదు, గుళ్లో దేవుడికీ చెప్పలేదు. నీకు చెప్తన్నాను, ఊరికే విను. నన్ను వెనకేసుకు రావొద్దు.

విజయనగరం జిల్లాలో ఓ జూట్ మిల్లు ఆఫీసులో పనిచేసేదాన్ని. వచ్చిన నార ఎంత తడిగా ఉందో కంప్యూటర్లో ఎక్కించాలి. దానికోసం పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో నేనో విడ్జెట్ కట్టాను. లేబులు, అంకె వేసే గడి, సేవ్ బటన్, విడివిడిగా ఉండే ఈ మూడింటినీ ఒక ఫ్రేములో కూర్చి ఒకే ముక్క చేసి, తేమగడి అని పేరు పెట్టుకున్నాను. వాడేవాళ్లకి పైన గడే కనిపిస్తాది. లోపలేం జరుగుతోందో కట్టినదానికే తెలుసు. ఆరు వారాలు దాని ధ్యాసలో తిండి కూడా సహించలేదు.

మేనేజరు చూడ్డానికొస్తే మా సీనియరు అప్పలనాయుడు మావయ్య, "నానే కట్టినాను సార్, ఈ గుంట టైపింగ్ సేసింది" అన్నాడు. టైపింగట! ఒళ్లు మండిపోయింది. అయినా నవ్వుతూ నిలబడ్డాను. ఎందుకు నవ్వాను?

మర్నాడే తేమగడి లోపల నాలుగు లైన్ల కోడు పెట్టాను. ఆయన లాగినైతే, అప్పుడప్పుడూ, సేవ్ నొక్కగానే అంకెలు తిరగబడతాయి. 12 కొడితే 21, 21 కొడితే 12. పొడి నార వెనక్కి పోయేది, తడిది గోదాములో బూజు పట్టేది. మేనేజరు అందరి ముందూ ఆయన్ని తిట్టేవాడు. అబద్ధమెందుకు, నాకు కడుపు నిండినట్టుండేది.

ఓరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గడిలో అంకె కొట్టాడు. సేవ్ నొక్కాక 21 పడింది.

"సూడే గుంటా, నానేటి కొట్టాను?"

"ఇరవయ్యొకటి, మావయ్యా."

"పన్నెండనుకున్నానే."

"లేదు. నేను చూస్తూనే ఉన్నాను."

నమ్మేశాడు. అప్పుడైనా ఆపొచ్చు కదా? ఆపలేదు.

కళ్ల డాక్టరు చూపు బాగుందన్నాడు. అయితే బుర్రే పోతన్నాదని ఆయన ఉద్యోగం మానేశాడు. ఆ సాయంత్రమే లైన్లు చెరిపేశాను.

మొన్న రామతీర్థం గుడి మెట్ల దగ్గర కనిపించాడు. నన్ను పేరు పెట్టి పిలిచి, వెంటనే భార్య వైపు తిరిగి, సరిగ్గానే సెప్పానా అని అడిగాడు. ఆవిడ తలూపింది. నేను గబగబా వచ్చేశాను.

ఆయన మీద కోపం పోయిందా అంటే, పోలేదు. టైపింగ్ అన్న మాట ఇప్పటికీ మండుతాది. క్షమించమని అడగాలనీ లేదు, అడిగే ముఖమూ లేదు. కానీ ఎక్కడో ఒకచోట ఇది రాసి ఉండాలి. ఆయన ఆ రోజు పన్నెండే కొట్టాడు. నేను చూశాను.