ఉరికెక్కిన మతౌష్ మనవరాలు

"ఈ కోట మా తాతది. నా ఇంట్లో నేను నా బూట్లతోనే నడుస్తాను," అన్నాడు దొర మనవడు.

"కోట మీ తాతగారిదే కావచ్చు. నేల మాత్రం మేం తుడుస్తున్నాం. తొడుక్కోండి," అంది బ్లాజెనా.

నేను తలుపు దగ్గర బుట్ట పక్కన కూర్చుని ఉన్నాను. మా కోట చూడ్డానికి ఎవరొచ్చినా బూట్ల మీద ఉన్ని చెప్పులు తొడుక్కోవాలి. లేకపోతే చెక్క నేల పాడవుతుంది. జనం వాటితో కాళ్లీడ్చుకుంటూ తిరుగుతుంటే నేల దానంతటదే మెరుస్తుంది. మంత్రులు తొడుక్కున్నారు, రష్యా సైన్యం వాళ్లు తొడుక్కున్నారు, బిషప్పుగారు కూడా తొడుక్కున్నారు. వాటిని అందివ్వడం, మళ్లీ తీసుకోవడం నా ఉద్యోగం. గదులు చూపించి చరిత్ర చెప్పడం బ్లాజెనా ఉద్యోగం.

మా చెక్ దేశంలో కమ్యూనిస్టులు దిగిపోయిన రెండో వేసవి అది. పారిపోయిన దొరల పిల్లలు వియన్నా నుంచి తిరిగొచ్చి, మాది మాకిచ్చేయండని అడుగుతున్న రోజులు. ఈయన కూడా అందుకే వచ్చాడు. పొడుగ్గా, గంజి పెట్టిన చొక్కాలా ఉన్నాడు. వెనకాల పక్క జిల్లా పింఛనుదార్ల గుంపొకటి వింటూ నిలబడింది.

"నేనెవరో నీకు తెలుసా?" అన్నాడాయన.

"తెలియకేం? వెట్టి చెయ్యనని నోరెత్తినందుకు మా మతౌష్‌ని ఈ గుమ్మం ముందే ఉరితీయించిన దొర వంశం మీది. ఉరికి ముందు ఆయన బూట్లు విప్పించారు మీవాళ్లు. మేం మిమ్మల్ని విప్పమనడం లేదు. పైన ఇంకో జత వేసుకోమంటున్నాం. ఎవరు మర్యాదస్తులో మీరే చెప్పండి."

పింఛనుదార్లు పడీపడీ నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. దొర మనవడి చెవులు ఎర్రబడ్డాయి. వంగాడు. బుట్టలోంచి అన్నిటికంటే ఎక్కువ కుట్లున్న జత ఏరి ఇచ్చాను. వాళ్ల తాతల గదుల్లో గంటసేపు బాతులా కాళ్లీడ్చుకుంటూ తిరిగాడు, బ్లాజెనా చెప్పే మతౌష్ కథ వింటూ.

బ్లాజెనా హావర్దొవా అంటే అదీ. నాకంటే నాలుగు నెలలు పెద్దది, నాకంటే పొట్టిది, అయినా మొత్తం గుంపు ఆమె వైపు తలెత్తి చూస్తున్నట్టే ఉండేది. ఆమెకి ఆస్తి లేదు, అందం లేదు. మతౌష్ హావర్దా ఉన్నాడు. రెండువందల ఏళ్ల కిందటి రైతు. వెట్టికి ఎదురు తిరిగి, జనాన్ని పోగుచేసుకుని, కొడవళ్లతో కోటమీదికి నడిచినవాడు. బ్లాజెనా ఇంటిపేరు ఆయనదే, మా దగ్గర ఆడవాళ్లకి చివర 'ఒవా' చేరుతుంది అంతే. ఆమె పెళ్లాడిన యార్దా, వేటగాళ్ల సంఘంలో ఉండేవాడు, కొన్నేళ్లకే వెళ్లిపోయాడు. "ఒక మంచం మీద ముగ్గురం పడుకోలేం," అన్నాడట సారాకొట్లో. మూడోవాడు మతౌష్.

ఆ మతౌష్ కథలోనే నేనూ ఉన్నాను, అడగకుండానే.

మా నాయనమ్మ బడికెళ్లిన రోజుల్లో, చక్రవర్తి పటం గోడమీద ఉన్నప్పుడు, మతౌష్ పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదట. రిపబ్లిక్కు వచ్చాక ఆయన జర్మను దొరని ఎదిరించిన చెక్ వీరుడయ్యాడు. అప్పటికీ మా వంశం ఊసు లేదు. కామ్రేడ్లు వచ్చాక ప్రాగ్ నుంచి ఒక పండితుడు వచ్చి కోటని మ్యూజియం చేసి కొత్త పాఠం రాసిచ్చాడు. వీరుడున్నాక ద్రోహి ఉండాలిగా. మతౌష్ మిల్లులో దాక్కున్నాడనీ, మిల్లు యజమాని లోరెన్సు ఒక పిండిమూటకి ఆశపడి పట్టించాడనీ రాశాడు. మిల్లు నడిపేవాడికి పిండి లంచమేమిటని ఊళ్లో ఒక్కడూ అడగలేదు. అప్పటికే ప్రభుత్వం లాక్కున్న మా మిల్లు అది. నా పేరు ఒతిలా లోరెన్సొవా. మర్నాటి నుంచి బడిలో నా పేరు పిండిమూట.

బ్లాజెనా, నేను ఒకే బెంచీ. ఊళ్లో బడి అయిపోయాక పట్నం చదువుకి ఎవర్ని పంపాలో ఊరి కమిటీ తేల్చాలి. ఇద్దరం యువజన సంఘం నీలం చొక్కాలేసుకుని వాళ్ల ముందు నిలబడ్డాం. లెక్కల్లో నాకే ఎక్కువ. ఛైర్మనుగా ఉన్న ఆవుల డాక్టరు కొంచెం మెత్తటి మనిషి. "పిల్ల చేసిందేముంది, పంపుదాం," అన్నాడు. అప్పుడు బ్లాజెనా ఒక అడుగు ముందుకేసింది.

"మతౌష్‌ని అమ్ముకున్నవాళ్ల పిల్ల మతౌష్ మనవరాలి పక్కన కూర్చుంటుందా కామ్రేడ్?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆవుల డాక్టరు అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆమె పట్నం వెళ్లింది. నేను సహకార సంఘం పశువుల కొట్టంలోకి వెళ్లాను. అక్కణ్ణుంచి నాకు చదువు రాలేదు, నోరొచ్చింది. ఒక ఆవు తుంటి మీద తన్నాక ఆ పని చెయ్యలేకపోయాను. కోట తలుపు దగ్గర కూర్చోబెట్టారు. లోపల బ్లాజెనా, బయట నేను.

తలుపులు తెరిచే ఉంటాయి కాబట్టి ప్రతి మాటా నాకు వినిపించేది. మూడో గదిలో గొంతు తగ్గించేది. జనం దగ్గరికి జరిగేవాళ్లు. "ఆ రాత్రి మిల్లు దీపం ఆరలేదు," అనేది. తర్వాత కిటికీ వైపు చెయ్యి చాచేది. "అదుగో, ఆ ఎర్ర పెంకుల కప్పు. ఆ ద్రోహి వంశం ఇవాళ్టికీ మన మధ్యే తిరుగుతోంది." జనం ఉస్సూరనేవాళ్లు. బయటికొచ్చి ఉన్ని చెప్పులు నా చేతికిచ్చేవాళ్లు. ఒకసారి ఒక పంతులమ్మ అడిగింది, "ఆ మిల్లువాళ్లని మీరెప్పుడైనా చూశారా?" అని. "రోజూ పొద్దున్నే, అద్దంలో," అన్నాను. పాపం, చెప్పు ఒకటి కాలికే ఉంచుకుని పారిపోయింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర మాత్రం బ్లాజెనా తన డబ్బా తెరిచి గసగసాల రొట్టె సగం తుంచి నా ముందు పెట్టేది. "తినవే, వట్టి పిండే కదా, మీ ఇంటి వంట," అనేది. తినేదాన్ని. రొట్టె బాగా చేసేది.

అరవైయెనిమిదిలో గాలి మారింది. గడ్డం పండితుడొకడు వచ్చి ఇంకో పాఠం రాశాడు. మిల్లు లోరెన్సు ద్రోహి కాదు, చిత్రహింస పెట్టి చెప్పించారు, ఆయనా బాధితుడే అన్నాడు. బ్లాజెనా అది కంఠతా పట్టాల్సి వచ్చింది. ఆ వేసవంతా మూడో గదిలో పళ్లు బిగించి చెప్పింది, కిటికీ వైపు చెయ్యి చాచకుండా. ఆ వేసవి నేను జుట్టు దువ్వుకుని రంగుల కండువా కట్టుకుని ఉద్యోగానికెళ్లాను. ఎండలు తగ్గకముందే రష్యా ట్యాంకులొచ్చాయి. గడ్డం పండితుడు బాయిలర్ల దగ్గర బొగ్గు వేసే పనికి పోయాడు. పాత పాఠం తిరిగొచ్చింది. తిరిగొచ్చిన మొదటి రోజున బ్లాజెనా కిటికీ వైపు రెండు చేతులూ చాచింది.

"కండువా తీసెయ్యవే, పండగ అయిపోయింది," అంది నాతో.

అలాంటి మనిషి చివరికి ఎలా అయిపోయిందో చెప్పాలి.

దొర మనవడికి కోట తిరిగొచ్చింది. ఆయన మమ్మల్నెవర్నీ తీసెయ్యలేదు. డాక్టర్ ష్మీద్ అని ఒక కుర్ర చరిత్రకారుణ్ణి పెట్టుకుని కొత్త పాఠం రాయించాడు. అందులో దొరలు ఆసుపత్రి కట్టించారు, బంగాళాదుంపలు తెచ్చి కరువు తీర్చారు. మతౌష్ ధాన్యపు కొట్టు తగలబెట్టిన తాగుబోతు దొంగ. లోరెన్సు ధర్మం తెలిసిన పౌరుడు. నేను మంచిదాన్నైపోయాను, యాభై దాటాక.

బ్లాజెనా ఉద్యోగం మానేస్తుందనుకున్నాను. మానేస్తే ఆమె ఎక్కడ మాట్లాడుతుంది? ఇంట్లో గోడలు టికెట్టు కొనవు కదా. కాగితాలు తీసుకెళ్లింది, నేర్చుకుంది. మొదటి రోజు గుంపు చివర దొర మనవడొచ్చి నిలబడ్డాడు, నిగనిగలాడే బూట్లతో. బుట్ట వైపు చూడలేదు. నేనూ చెప్పులు అందివ్వలేదు.

మూడో గదికొచ్చారు. బ్లాజెనా గొంతు తగ్గించింది, అలవాటు.

"మతౌష్ హావర్దా అనే... దొంగ..."

"కొంచెం గట్టిగా చెప్పమ్మా," అన్నాడు దొర మనవడు, ఎంతో మర్యాదగా. "వెనకాల వినబడడం లేదు."

గట్టిగా చెప్పింది. ఇంకోసారి అడిగాడు. ఇంకా గట్టిగా చెప్పింది. మెట్ల కింద నా దాకా వినిపించింది. ఆ మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత పింఛను వచ్చేదాకా రోజూ గుంపు గుంపుకీ తన తాతని దొంగ అంటూనే బతికింది. కోట గుర్రపుశాలలో దొర మనవడు బట్టీ పెట్టి నల్లబీరు కాయించాడు. దాని పేరు మతౌష్. సీసా మీద నాలుక బయటపెట్టి వేలాడుతున్న మనిషి బొమ్మ.

మేమిద్దరం ముసలివాళ్లమయ్యాక ష్మీద్ పుస్తకం అచ్చేసి ఊరి హాల్లో ఉపన్యాసం పెట్టాడు. అప్పటికి ఆయనకీ బట్టతల వచ్చేసింది. మొదటి వరసలో బ్లాజెనా, పక్కన నేను. ఆయన నీళ్లు తాగి, నవ్వుతూ చెప్పాడు. మతౌష్ అనే మనిషే లేడట. ఊళ్లో నాటకాలాడే ఒక బడిపంతులు, నూట నలభై ఏళ్ల కిందట, తన నాటకం కోసం పుట్టించాడట. హావర్దాలు ఆ తిరుగుబాటు రోజుల్లో ఈ ఊళ్లోనే లేరట. మిల్లు లోరెన్సు మాత్రం నిజంగానే ఉన్నాడట. కానీ తిరుగుబాటుకి ముందే కడుపునొప్పితో చచ్చిపోయాడట.

బ్లాజెనా లేచింది. "దొంగ అన్నది నువ్వే కదయ్యా. నీ కాగితం నేను కంఠతా పట్టాను."

"అప్పుడు కుర్రాణ్ణి, సరిగ్గా చూడలేదు. మన్నించాలి."

"దొంగైనా ఉండనివ్వు. కొట్టు తగలబెట్టాడు, తాగాడు, అన్నీ ఒప్పుకుంటాను. ఉన్నాడని చెప్పు."

"అమ్మా, లేనివాణ్ణి ఎలా ఉన్నాడనమంటారు? ఇందులో మీరు బాధపడాల్సిందేముంది?"

హాలంతా నవ్వు. దొర మనవడు వెనకనుంచి, "బీరు పేరు మాత్రం మార్చను. పుట్టనివాడైనా బాగా అమ్ముడవుతున్నాడు," అన్నాడు. నవ్వు ఇంకా పెరిగింది. నేనూ నవ్వాను. లేని మనిషిని చచ్చిపోయిన మనిషి పిండిమూటకి అమ్మాడని నాకు బడి లేకుండా చేశారు. నవ్వక ఏం చెయ్యను?

బ్లాజెనా నా వైపు తిరిగింది. "నువ్వెందుకు నవ్వుతున్నావే? ద్రోహి మనవరాలిగానైనా నిన్ను నాలుగు జిల్లాలు ఎరుగుతాయి. ఇప్పుడు నువ్వెవరివి? కడుపునొప్పితో పోయినవాడి మనవరాలివి."

ఇంటికి నడిచేటప్పుడు అది నిజమే అనిపించింది, ఒళ్లు మండింది కూడా.

ఆ చలికాలంలోనే ఆమెకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. నోరు ఒక పక్కకి వంగింది గానీ మాట ఉంది. ఇద్దరం ఒకే అపార్టుమెంటు, ఆమెది పై అంతస్తు. ఇంకెవరున్నారు చూడ్డానికి? వెల్లుల్లి సూపు కాచి తీసుకెళ్లి తాగించేదాన్ని. "ఉప్పు తక్కువైంది," అనేది రోజూ. ఊళ్లో మతౌష్ పేరు చెక్కిన రాతిపలక ఊడబీకి అక్కడ సైకిళ్లు పెట్టుకునే కడ్డీలు పాతారని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ చెప్పాను. కళ్లు మూసుకుంది.

మొన్న వెళ్లేసరికి పెదాలు కదుపుతోంది. దగ్గరికెళ్లి విన్నాను. "మతౌష్ హావర్దా అనే తాగుబోతు దొంగ..." అక్కడ ఆగి, తల విదిలించి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడికే వచ్చింది.

"ఏమైందే?" అన్నాను.

"మొదటి పాఠం రావడం లేదే," అంది. "పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను. నోరు తెరిస్తే ఆ ష్మీద్ గాడి పాఠమే వస్తోంది. నా నోటితో దొంగ అనుకుంటూ చచ్చిపోతానే నేను."

చెంచా గిన్నెలో పెట్టాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వంకర నోటితో నా వైపు చూసింది, ఆ రోజు కమిటీ ముందు చూసినట్టే.

"నీకొచ్చు కదా. తలుపు దగ్గర కూర్చుని అన్నాళ్లూ విన్నావు. ఒక్క ముక్క పోకుండా నీకొచ్చు, నాకు తెలుసు."

"వస్తే?"

"చెప్పు పిండిమూటా. మొదటిది చెప్పు, మీ మిల్లు వాడితో సహా. మెత్తబెట్టి చెప్పొద్దు, పిండిమూటకి ఆశపడి పట్టించాడనే చెప్పు. మూడో గదిలో గొంతు తగ్గించు. ఈ గది కిటికీలోంచి ఎదుటి గోడే కనిపిస్తుంది, నాకు తెలుసు. అయినా ఎర్ర పెంకుల దగ్గరికి వచ్చినప్పుడు అటు చెయ్యి చాచు."