లింకుకు ఇంటిపేరు చివర

కావలి బస్టాండు ఎదుట నెట్ సెంటరు నడిపే కరుణాకుమారక్క కంప్యూటరు ఎంత నిదానమంటే, దాన్ని ఆన్ చేసి వెంకటాచలం దాకా పోయి బిర్యానీ తిని వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. నేను పోయి వచ్చిన మనిషిని, నమ్మండి. ఇంటర్ మధ్యలో మానేశాను గానీ, ఇలాంటి విషయాల్లో నన్ను మించిన పండితుడు నెల్లూరు జిల్లాలో లేడు.

పద్దెనిమిదేళ్లుగా అక్క పని దరఖాస్తులు నింపడం, హాల్‌టికెట్లు తీసివ్వడం. జీతం లేని పని ఇంకొకటుంది: వచ్చినవాళ్లందరికీ దొంగ లింకుల సంగతి చెప్పడం. వినేవాళ్లు లేరు. అక్క జుట్టు సగం అందుకే నెరిసింది. మిగతా సగం పెంచలకృష్ణ చలవ.

లైన్‌మన్ పరీక్షకు దరఖాస్తు పెట్టిన ఈ పెంచలకృష్ణ ఆ రోజు మూడున్నరకు పరుగున వచ్చాడు. హాల్‌టికెట్ తీసుకోవడానికి అయిదింటితో గడువు ఆఖరు.

“అక్కా, మెయిల్‌లో లింకొచ్చుండాది. మెయిల్ పాస్‌వర్డ్ కొడితే చాలంట.”

అక్క ఫోను లాక్కొని చూసింది. “ఇది దొంగది రా.”

“లింకు ముందు పరీక్ష బోర్డు పేరే ఉంది గదక్కా!”

“ఎన్నిసార్లు చెప్పాల అబ్బయ్యా? మనకు ఇంటిపేరు ముందు, లింకుకు చివర. పేరు అయిపోయి ఏటవాలు గీత వచ్చే చోట ఆగి, వెనక్కి చదువు. ఏముంది?”

“క్విక్‌లాగిన్ డాట్ కామ్.”

“అదీ ఆ దొంగోడి ఇంటిపేరు. బోర్డుదైతే అక్కడ గవ్ డాట్ ఇన్ ఉండాల. ముందు ఎవడి పేరైనా తగిలించుకోవచ్చు. నా పేరు ముందు కలెక్టర్ అని రాసుకుంటే కలెక్టర్నైపోతానా?”

నోటిఫికేషన్ కాగితం చూసి, బోర్డు చిరునామా ఒక్కో అక్షరం తనే కొట్టింది. చక్రం తిరిగింది. నాలుగైంది. నాలుగుంబావైంది. తిరుగుతూనే ఉంది.

“నీది తెరుచుకోదు, నాది నొక్కంగానే తెరుచుకుంటుండాది. ఏదక్కా దొంగది?”

“బోర్డు దగ్గర లక్షమంది లైనులో ఉండారు. ఆ దొంగోడి దగ్గర నువ్వొక్కడివే!”

వాడు మూతి ముడుచుకొని బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు.

నాలుగూ నలభైకి అసలు సైటు తెరుచుకుంది. మెయిల్‌కు కోడ్ పంపాం, అది కొట్టండి అంది.

“రారా! మెయిల్ తెరువు!”

తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పంటోంది.

“మెట్ల మీద కూర్చొని ఆ లింకులో పాస్‌వర్డ్ కొట్టినావా? దొంగోడు మార్చేసుండాడు!”

వాడు నేల చూశాడు.

“సరే, మెయిల్ వెనక్కి తెచ్చుకోడానికి ఫోన్ నంబరు ఇచ్చుంటావు గదా? ఏదది?”

“పాత సిమ్ముదక్కా. ఎప్పుడో పారేసినా.”

అయిదైంది. గడువు ముగిసిందని ఎర్రక్షరాలు వచ్చాయి. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇంకొంచెం గట్టిగా చెప్పుండాల్సిందక్కా,” అన్నాడు.

అక్క రెండు చేతులతో తల పట్టుకుంది. తర్వాత పళ్లు కొరుకుతూ, మెయిల్ పోయిందని సైబర్ పోలీసులకు వాడి ఫిర్యాదు టైపు చేయడం మొదలుపెట్టింది.