బుగత అరుగు మీద న్యాయసభ

సాయంత్రం మా ప్లీడర్ల సంఘం పెద్దాయన ఇంటికి వచ్చి, వచ్చే ఆదివారం విజయనగరంలో లా విద్యార్థులకీ కొత్త ప్లీడర్లకీ జరిపే సభలో నన్ను మాట్లాడమని అడిగి వెళ్లినప్పటినుంచి నా మనసు కుదురుగా లేదు. పాపకి జ్వరం. నుదురు తాకి చూస్తూ, దీపం తగ్గించి, ఇది రాస్తున్నాను. ఆయన అడిగింది చిన్న పనే. నేను చదువుకునే రోజుల్లో చీపురుపల్లి అవతల ఒక పల్లెలో మేం పెట్టిన సభలో ఓ కౌలురైతు భార్య ధైర్యంగా లేచి నిలబడిన సంగతి పిల్లలకి చెప్పాలట. అది మన మొదటి విజయం అన్నారు. చేతిలో కాఫీ గ్లాసుని ఆయన కాళ్ల దగ్గర విసిరికొట్టాలనిపించింది.

నాతోపాటు ఆ ఏళ్లలో కాలేజీ మెట్లెక్కిన ఆడపిల్లలకి గుర్తుండే ఉంటుంది, సభ అంటే మనకి ఎంత మోజో. నేను వాల్తేరులో లా చదువుతూ, సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా ఈ సంఘం సమావేశాలకి అమ్మ చేత తిట్లు తింటూనే వెళ్లేదాన్ని. హాల్లో మనకి మనం చెప్పుకుంటే లాభం లేదు, కౌలుదార్ల దగ్గరికే వెళ్లి వాళ్ల హక్కులు చెబుదామని పెద్దాయన అన్నప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని. చట్టమే గుమ్మంలోకి వచ్చిందని జనానికి తెలియాలని, నడివేసవిలో అందర్నీ నల్లకోట్లు వేసుకు రమ్మన్నారు. నాకు ఎవరిదో పాతకోటు దొరికింది, భుజాలు మోచేతులదాకా జారేవి.

ఆ ఊరు అంతకుముందు నల్లకోటుని చూసింది ఒక్కసారే. కోర్టు అమీను ఎవరి ఇల్లో జప్తు చెయ్యడానికి వచ్చినప్పుడు వెంట ప్లీడరు ఉన్నాడు. పొలం గట్టు మీద మా గుంపుని చూడగానే పశువుల్ని మెట్టకి తోలేశారు, తలుపులు బిగించుకున్నారు, ఇత్తడి సామాను నూతుల్లోకి దించేశారు. మేం నడివీధిలో చెమటలు కక్కుతూ నిలబడ్డాం. ఒక్కామె మాత్రం చంకలో బిడ్డతో గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, ఆడకూతురువి నువ్వు కూడా జప్తుకి వొచ్చీసినావా? మా బిందె నూతిలో ఉన్నాది. దిగి తీసుకో."

జప్తు కాదు, సభ అని చెప్పాను. "సబకయితే ఆ కోట్లెందుకు, పెళ్లికా?" అంది.

ఇంతలో నవ్వుకుంటూ బుగత వచ్చాడు. ఊళ్లో భూమి సగానికి పైగా ఆయనదే. "ప్లీడరు బాబులు ఎండలో నిలబడిపోనారేటి? మా అరుగు మీద కూకోండి. జనాన్ని నాను పిలిపిస్తాను. ఒరే, టముకెయ్యండ్రా!"

అక్కడైనా మా పెద్దాయన కాదనవలసింది. కానీ అరుగు మీద నీడ ఉంది, కుర్చీలున్నాయి, కొబ్బరిబొండాలు కూడా వచ్చాయి. బుగత పిలుపుకి ఊరంతా వచ్చి కింద మట్టిలో కూర్చుంది. ఎవరి గురించి మాట్లాడబోతున్నామో ఆయన అరుగు మీదే, ఆయన పక్కనే కూర్చుని, కౌలుదార్ని అన్యాయంగా వెళ్లగొట్టే హక్కు ఏ భూస్వామికీ లేదని పెద్దాయన గంటసేపు ఉపన్యసించారు. ఎవరికైనా కష్టముంటే భయపడకుండా లేచి చెప్పమన్నారు. ఎవరూ కదల్లేదు. మళ్లీ మళ్లీ అడిగారు. మొగుడు కొంగు పట్టి లాగుతున్నా, బిందె నూతిలో ఉందన్న ఆమే లేచింది.

"సెరువుకింద సెక్క మా మావగారి కాడ్నించి మేమే దున్నతన్నాం. ఈ ఏడు దిగొద్దన్నారు. దిగొచ్చా, దిగకూడదా? ఈరెదటే సెప్పండి."

"దిగండమ్మా! చట్టం మీ వెనక ఉంది," అన్నారు పెద్దాయన, చెయ్యెత్తి.

బుగత తమలపాకుకి సున్నం రాసుకుంటూ, "దిగవే, ఎవులొద్దన్నారు?" అన్నాడు. మా వాళ్లు పరవశించిపోయి చప్పట్లు కొట్టారు. కింద కూర్చున్నవాళ్లు కొట్టలేదు.

తొలకరికి వాళ్లు పొలంలో దిగారు. బుగత మనుషులు అరక విప్పేసి ఎద్దుల్ని తోలుకుపోయారు. నమ్మిన పాపానికి మొగుడూ పెళ్లాం బిడ్డనెత్తుకుని విజయనగరం వచ్చి పెద్దాయన చేత తహసీల్దారు దగ్గర అర్జీ పెట్టించారు. విచారణ రోజున ఆయన గుంటూరులో ఏదో సభలో కౌలుదార్ల హక్కుల మీద మాట్లాడుతున్నారు. వాయిదా అడగడానికి పంపిన జూనియరు నోరు తెరిచేలోపే అర్జీ కొట్టేశారు. ఆ జూనియరే మా ఆయన. పెళ్లయిన కొత్తలో ఈ మాట ఆయనే చెప్పారు. వాళ్లు రాయగడ వైపు కూలికి వెళ్లిపోయారని తెలిసిందట, అంతే.

ఆమెనే వెతికి పిలిపించండి, ఆమే చెబుతుంది, అన్నాను ఇవాళ పెద్దాయనతో. ఆయన నవ్వి, "పెళ్లయ్యాక పిరికిదానివైపోయావమ్మాయ్," అన్నారు. మా ఆయన లేచి పాప దగ్గరికి వెళ్లిపోయారు. అవును, పిరికిదాన్నే. కొండల వైపు గిరిజనుల గొడవలు మొదలైనప్పటినుంచి ఇలాంటి సభల గుమ్మం దగ్గర ఎవరెవరు వస్తున్నారో పోలీసులు రాసుకుంటున్నారు. వేదిక మీదివాళ్లకి ఏమీ కాదు. వాళ్ల మాట విని వెనక బెంచీలోంచి లేచే పిల్లల సంగతే నాకు భయం. వాళ్లకి ఈ కథ సగం చెప్పి చప్పట్లు కొట్టించడం నావల్ల కాదు. మొత్తం చెప్పనిస్తే వస్తానన్నాను. విద్యార్థులు నిరుత్సాహపడతారట, వద్దన్నారు.

ఒకప్పుడు సభ అంటే ముందురోజే చీర ఉతికి ఆరేసుకునేదాన్ని. ఇప్పుడు మైకులున్నాయి, పెద్ద హాలుంది, మా రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది వస్తే ఇప్పుడు కుర్చీలు చాలడం లేదు. ఆ పల్లెలో మాత్రం కౌలుదార్లెవరూ లేరట. మళ్లీ ఎవరైనా లేచి నిలబడతారేమోనని బుగత ఒక్కొక్కర్నే మాన్పించి, భూమంతా రోజుకూలీలతో సొంతంగా చేయిస్తున్నాడు. మేం కోట్లు వేసుకెళ్లి చెప్పిన ఆ చట్టం ఇంకా పుస్తకంలో ఉంది. దాన్ని చదివి చెప్పడానికి ఆ ఊళ్లో ఒక్క కౌలుదారు గుమ్మమూ లేదు.