వంకల బాబాయ్ బాట

వంకల బాబాయికి తిన్నని గీతంటే గిట్టదు. మున్సిపల్ ఆఫీసులో జుట్టు నెరిసేదాకా ప్లాన్లు గీశాడు గానీ, ఒక్క రోడ్డునూ సూటిగా పోనివ్వలేదు. అగ్గిపెట్టె తెమ్మని పంపితే పొద్దుగూకేదాకా ఊరంతా చుట్టి, అందరి కీళ్ళనొప్పులూ కనుక్కుని, అగ్గిపెట్టె మరిచిపోయి వచ్చేవాడు.

అలాంటి మనిషి చేతిలో సముద్రపు ఒడ్డున నడకకూ, సైకిళ్ళకూ వేసే బాట ప్లాను పడింది. పని చేయించాల్సిన ఇంజనీరు ఆయన అన్న కూతురే. బాట రేవు దగ్గర మొదలై వానల్లోగా లైట్‌హౌసు చేరాలి. చేరకపోతే పనీ ఉండదు, ఆమె ఉద్యోగమూ ఉండదని పైవాళ్ళు ముందే చెప్పేశారు.

"బాబాయ్, ఈ వంపెందుకు?"

"ఇక్కడ గాలెక్కువమ్మా."

"మరి ఇది?"

"ఇక్కడ గాలి లేదు."

మేస్త్రి తాడు పట్టుకుని నిట్టూర్చేవాడు. "ఇలా తిప్పుకుంటూ పోతే రాయి చాలదమ్మా."

"ప్రతిదానికీ నీకో వంక కావాలి బాబాయ్," అనేది ఆమె ఒళ్ళు మండి.

"వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట. మనకా ఖర్మెందుకు?" అని ఆయన పెన్సిలు చెక్కుకునేవాడు.

పరచిన కంకరను అలలు లాక్కుపోయేవి. మిగిలింది బాబాయ్ వంపులు మింగేవి. ఆమెకు బతుకు మీదే విరక్తి పుట్టింది. ఆఖరి ప్లాను మీద చూడకుండానే సంతకం పడేసి, పని దగ్గరికి పోవడమే మానేసింది.

వాన ముందే వచ్చింది. లైట్‌హౌసు కళ్ళెదుటే ఉండగా రాయి అయిపోయింది. పని ఆగింది, ఉద్యోగం ఊడింది. ఇంత చేసీ చెడ్డపేరే మిగిలిందని కుమిలిపోతూ, కడసారి చూసుకుందామని రేవు నుంచి తడుస్తూ నడిచింది.

మొదటి వంపులో ముసలి దర్జీ అరుగు మీద ఓ సైకిలాయన ఊడిన గుండీ కుట్టించుకుంటున్నాడు. పడవతో పాటు మొగుడూ తిరిగిరాని ఆవిడ వాకిట్లో, నడకకొచ్చిన ఆడవాళ్ళు వానకు చేరి కబుర్లాడుతున్నారు. ఊరికే ఎవరి గుమ్మమూ ఎవరూ ఎక్కరు. దానికో వంక కావాలి. బాబాయ్ గీసిందంతా అదేనని అప్పటికి గానీ ఆమెకు తట్టలేదు.

చివరి వంపు సముద్రాన్ని వదిలి సందులోకి తిరిగి, నీలం గేటు ముందు ఆగిపోయింది. అది అమ్మ ఇల్లు. నాన్న పోయిననాడు మాటా మాటా పెరిగి, ఆమె తొక్కడం మానేసిన గడప.

అమ్మ వరండాలోనే ఉంది. "ఎలా వచ్చావు?"

"బాట ఇటే వచ్చింది."

"సైకిళ్ళు తిరుగుతాయి, గేటు తీసి ఉంచు వదినా అన్నాడు మరిది. నువ్వొస్తావని చెప్పలేదు."

"నాకూ చెప్పలేదు. ఉద్యోగం పోయిందమ్మా."

"ముందు తల తుడుచుకో," అని అమ్మ తువ్వాలు విసిరింది. "రేపొస్తావా?" అంది ఎటో చూస్తూ.

"ఏం పని మీద రాను?"

అమ్మ సగంలో ఆగిన బాట వైపు చూసింది. "అది ఎక్కడిదాకా వచ్చిందో చూసిపోదువుగానీ, రా."