ఒక వ్యాగన్ తక్కువ

మా నాన్న రైల్వే గూడ్స్ షెడ్డులో గుమాస్తా. సరుకుకు ఎన్ని వ్యాగన్లు కావాలో పైకి రాసి పంపడం ఆయన పని. ఆయన పోయాక, ఆ షెడ్డు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే వేరే దారి వెతుక్కుంటున్నాను.

పిండి మిల్లు సరుకంతా అప్పట్లో లారీల మీదే పోయేది. ఆ లారీలన్నీ మా వీధిలోంచే. గోడలు అదిరేవి, కిటికీ అంచుల మీద మసి పేరుకునేది. వాటిలో ఒక లారీ మా బాబాయిది.

మిల్లు యజమానికి రైలు సంగతి తలకెక్కించింది నాన్నే.

"ఊళ్ళో లారీలన్నీ కలిసి మోసేది ఒక్క గూడ్సు మోస్తుందండీ. డీజిలు కలిసొస్తుంది, పొగ తగ్గుతుంది, రోడ్డు గుంతలు పడదు."

"ఇందులో నీకేమిటయ్యా లాభం?"

"మా వీధికి కాస్త గాలి."

ఆ మాట అంటున్నప్పుడు తమ్ముడు గుర్తుకే రాలేదని నాన్న తర్వాత ఎన్నిసార్లు అన్నాడో.

మిల్లు లోపలిదాకా పట్టాలు పడ్డాయి. కిరాయి ఖర్చు తగ్గి, అంగట్లో పిండి ధర కూడా కాస్త దిగింది. బాబాయి లారీ ఇంటి ముందు నిలబడిపోయింది.

"అన్నయ్యా, నా లారీలో పిల్లి ఈనింది. పోనీలే, ఒకరికైనా పనికొచ్చింది" అని నవ్వాడు బాబాయి. నాన్న తింటున్న అన్నం వదిలేసి లేచిపోయాడు.

ఆ తర్వాతే నాన్న ఒక పని మొదలుపెట్టాడు. ప్రతిసారీ ఒక వ్యాగన్ తక్కువ అడిగేవాడు. బస్తాలు మిగిలిపోయేవి. మిల్లువాళ్ళు "రైలువాళ్ళకి వ్యాగన్లు కరువు" అని తిట్టుకుని బాబాయిని పిలిచేవారు. లారీ మళ్ళీ కదిలింది. బాబాయి ముఖం తేటపడింది. నాన్న ముఖం మాత్రం తేటపడలేదు.

టీ కొట్టు దగ్గర రైలు యార్డు మనిషి ఒకడు బాబాయికి గుట్టు విప్పేశాడు. "కరువేంటి బాబూ? ఖాళీ వ్యాగన్లు ఎండకి ఎండుతున్నాయి. మీ అన్నయ్యే అడగట్లేదు."

మర్నాడు పొద్దున్నే బాబాయి నిండు లారీని తిన్నగా షెడ్డుకు తెచ్చాడు. అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళి నేనక్కడే ఉన్నాను.

"దింపించు. ఇవి నీ రైలు బండిలో పోవాల్సినవి."

"నీ పొట్ట కొట్టానురా. అందుకే..."

"రైలు చవకైతే మిల్లు రైలుకే పోతుంది. దానికి నిన్నంటానా? నేను లారీ తోలేవాణ్ణి అన్నయ్యా, ముష్టివాణ్ణి కాదు. చాటుగా ముష్టి వేశావు చూడు, అదీ నొప్పి."

కూలీలు బస్తాలు దింపుతుంటే నాన్న తనూ ఒకటి ఎత్తబోయాడు. బాబాయి దాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకున్నాడు.

ఆ రోజు నుంచి నాన్న ఎన్ని కావాలో అన్నీ అడిగాడు. బాబాయి లారీ అమ్మేసి, రైలు ఎక్కలేని కొండ ఊళ్ళకు ఎవరిదో లారీ తోలడానికి కుదిరాడు. ఇంటికి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు.

ఒక సాయంత్రం నాన్నా నేనూ మా వీధి చివరే ఉండే పిన్నిని, బాబాయి భార్యని, చూడబోయాం. ఆమెకు ఏళ్ళుగా ఆయాసం. కూర్చునే నిద్రపోయేది. మమ్మల్ని చూడగానే పీట వాల్చింది.

"బావగారూ, లారీలు పోయాక ఒళ్ళు వాల్చి పడుకోగలుగుతున్నాను. మీ చలవే."

నాన్న కూర్చోలేదు. "వాడు ఫోను చేశాడా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

"లేదండీ" అంది పిన్ని, కొంగుతో పీట తుడుస్తూ.