పట్టపగలు వెతికిన వెలుగు

నందిగామలో మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుని పనిచేసిన రోజులవి. కింద ఇంటావిడ ఒక్కరే ఉండేవారు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వీధంతా టీచర్ గారనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని.

నా పని మధ్యాహ్నాలే. ఎక్కడో చాలా దూరాన పెద్ద నక్షత్రం కూలిపోతే గామా కిరణాల మెరుపొకటి పుడుతుంది. అది కంటికి కనపడదు. ఉపగ్రహం దాన్ని పసిగట్టి, ఆకాశంలో ఫలానా చోట అని మా పరిశోధక బృందం ఫోన్లకి కబురు పంపుతుంది. అక్కడ మామూలు వెలుగు కూడా ఏమైనా వస్తోందేమోనని మేం వెతకాలి. మేం వాడే టెలిస్కోపు భూమికి అవతలి వైపు ఉంది. ఇక్కడ ఎండ మండిపోతుంటే అక్కడ చీకటి. కిటికీలు మూసుకుని, అది తీసిన ఫొటోల్ని పాత ఫొటోల పక్కన పెట్టి చూస్తుండేదాన్ని. చాలాసార్లు ఏమీ దొరికేది కాదు.

వేసవి మొదట్లో ఒకరోజు టీచర్ గారు మెట్లెక్కి వచ్చారు.

"నన్ను పిలిచావా అమ్మా?"

"లేదండి."

"ఎవరో పిలిచారు. గేటు దాకా వెళ్ళా. ఎవరూ లేరు."

నా ఫోన్ మోత విని ఉంటారనుకుని దాన్ని సైలెంట్‌లో పెట్టా. వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చారు, అదే మాటతో. ఈసారి ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయి. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇస్తుండగా ఫోన్ వెలిగింది. ఉపగ్రహం కబురు.

ఆవిడ పక్కనుండగానే ఫొటో వచ్చింది. పాతదాంట్లో నల్లగా ఉన్నచోట చిన్న చుక్క. తర్వాతి ఫొటోలో కాస్త తగ్గింది. ఆ తర్వాతిదాంట్లో ఇంకా తగ్గింది. అలా తగ్గుతోందంటే మేం వెతికేదే. వెంటనే మా గ్రూపులో అందరికీ రాశా.

"ఏంటది?" అన్నారావిడ.

"భూమి పుట్టకముందు బయల్దేరిన వెలుగండి."

"ఇప్పుడక్కడ ఏముంది?"

"ఆ నక్షత్రం అప్పుడే పోయింది."

ఆవిడ తెరమీంచి చూపు తిప్పలేదు. "మా చెల్లెలి గొంతులా ఉంటుంది," అన్నారు.

"ఏదండి?"

"గేటు దగ్గర పిలిచేది. జగ్గయ్యపేటలో ఇచ్చారు దాన్ని. పోయి చాలా ఏళ్ళయింది."

మంచినీళ్ళ గ్లాసు మళ్ళీ ఆవిడ చేతికిచ్చా.

మర్నాడు చుక్క దాదాపు ఆరిపోయింది. ఆ మర్నాడు ఎంత వెతికినా లేదు. గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. ఆ మూడు రోజులూ టీచర్ గారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ముందు తీసింది చూపించు," అన్నారు ఆఖరి రోజు.

"చుక్క ఉన్నదా?"

"కాదు, అంతకుముందుది. నల్లగా ఉన్నది."

చూపించా. చాలాసేపు చూశారు. నేనూ చూశా. అందులో ఏమీ లేదనే అనుకునేదాన్ని అన్నాళ్ళూ. కానీ అది తీసిన రోజున కూడా ఆ వెలుగు దారిలోనే ఉంది, మావైపే వస్తోంది. మిగతా నల్లటి ఫొటోల్లోంచి ఇంకా ఏమేం ఇలా వస్తున్నాయో అనిపించింది. ఆవిడ లేచి కిందికి వెళ్ళిపోయారు.

పిలుపు సంగతి మళ్ళీ ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ నల్లటి ఫొటోలతో ఒక్కదాన్నే గదిలో కూర్చోవడం మాత్రం నావల్ల కాలేదు. ఇల్లు ఖాళీ చేసేదాకా మధ్యాహ్నాలు లాప్‌టాప్ పట్టుకెళ్ళి ఆవిడ వంటింట్లో కూర్చుని పని చేసుకున్నా.